వ్యసనంలో ‘ఇప్పుడే కావాలి’ అనే తొందరను కొలవడం ఎలా? 36 ప్రశ్నలు, ఒక స్ప్రెడ్‌షీట్

సైకాలజీ, ఎంఎస్‌డబ్ల్యూ ప్రాజెక్టులు చేసేవాళ్లూ, డీఅడిక్షన్ కేంద్రాల్లో పనిచేసే కౌన్సెలర్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఇతనికి నిగ్రహం తక్కువ’ అని నోటితో అనేస్తాం, దాన్ని అంకెగా రాయడం ఎలా? ఇందుకు పెద్ద గణితమేమీ అక్కర్లేదు. భాగహారం, వర్గం వస్తే చాలు, లాగరిథమ్ లాంటివి స్ప్రెడ్‌షీటే చూసుకుంటుంది. అసలు కష్టం ప్రశ్నలు సరిగ్గా అడగడంలోనూ, వచ్చిన అంకె నమ్మదగినదో కాదో చూసుకోవడంలోనూ ఉంది. అందుకే ఇక్కడ సిద్ధాంతం తక్కువగా, తప్పులూ తనిఖీలూ ఎక్కువగా ఉంటాయి.

అవసరమైనంత సిద్ధాంతం

ఆలస్యంగా దక్కేదాని విలువ మనసులో తరిగిపోతుంది. ఆ తరుగుదలకు మనస్తత్వవేత్త జేమ్స్ మాజుర్ 1987లో ఇచ్చిన సూత్రం ఇది:

నేటి విలువ = రాబోయే మొత్తం ÷ (1 + కె × రోజులు)

ఇందులోని కెయే తరుగు రేటు. అది ఎంత పెద్దదైతే ‘ఇప్పుడే కావాలి’ అనే తొందర అంత ఎక్కువ. ఈ సూత్రాన్ని తిప్పి రాస్తే మనం ప్రామిసరీ నోటు మీద వేసుకునే బారువడ్డీ లెక్కే వస్తుంది. కాబట్టి కెను 3,000తో గుణిస్తే ‘నెలకు నూటికి ఎన్ని రూపాయల వడ్డీ’ అన్నది తెలిసిపోతుంది. కె 0.00067 అయితే నూటికి రెండు రూపాయలు. కె 0.019 అయితే నూటికి 57 రూపాయలు. అంత వడ్డీకి ఎవరూ అప్పు చేయరు అనిపిస్తుంది, కానీ వ్యసనంలో ఉన్న మనసు అంత వడ్డీకీ ఒప్పుకుంటుంది. 1999లో కిర్బీ, పెట్రీ, బికెల్ ప్రచురించిన అధ్యయనంలో హెరాయిన్ వాడేవారి కె, వాడనివారి కెకు దాదాపు రెట్టింపు తేలింది. అదే ఏడాది బికెల్, ఓడమ్, మాడెన్ సిగరెట్ తాగుతున్నవారిని, ఎన్నడూ తాగనివారితోనూ మానేసినవారితోనూ పోల్చారు. ప్రస్తుతం తాగుతున్నవారిలోనే తరుగు ఎక్కువ.

ఏమేం కావాలి

- ఎక్సెల్, లిబ్రేఆఫీస్ కాల్క్, గూగుల్ షీట్స్‌లో ఏదో ఒకటి.
- ఒక మొత్తం: ₹6,400. గుండ్రంగా ₹10,000 ఎందుకు వద్దంటే, 6,400ను ఆరుసార్లు సగం చేసినా అంకెలు వందల్లోనే ఉంటాయి. ‘ఇప్పుడు ₹4,843.75 తీసుకుంటారా’ అని అడిగితే ఎదుటివాళ్లు లెక్కల్లో పడిపోతారు.
- ఆరు గడువులు: 7, 30, 90, 180, 365, 730 రోజులు.
- మనిషికి పావుగంట సమయం, పక్కన కుటుంబసభ్యులు లేని గది. భార్య ఎదుట కూర్చుంటే భర్త ప్రతి ప్రశ్నకూ ‘తర్వాతే తీసుకుంటా’ అంటాడు.
- సమ్మతి పత్రం, మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి.

రోజుకూలీ మీద బతికేవారికి ₹6,400 మరీ పెద్దదిగా తోస్తే ₹1,600 పెట్టుకోండి. అప్పుడు ప్రశ్నల్లోని అంకెలన్నీ నాలుగో వంతు అవుతాయి. కాకపోతే చిన్న మొత్తాలకు కె పెద్దదిగా వస్తుందన్నది ఎన్నో అధ్యయనాల్లో తేలిన విషయం. ఒక గుంపులో కొందరిని ₹6,400తో, కొందరిని ₹1,600తో అడిగి పోల్చారంటే మీరు కొలిచింది వ్యసనాన్ని కాదు, మొత్తాల తేడాని.

1. ముందుగా చెప్పాల్సిన మాటలు రాసి పెట్టుకోండి

అందరికీ ఒకే వాక్యాలు చదవాలి. ఇలా ఉంటే సరిపోతుంది: ‘రెండు మొత్తాలు చెబుతాను. ఒకటి ఈ రోజే మీ చేతికి వస్తుంది, రెండోది కొన్నాళ్లకు వస్తుంది. రెండూ కచ్చితంగా వస్తాయి. నిజంగా డబ్బు ఇవ్వం, కానీ ఇస్తున్నట్టే అనుకుని చెప్పండి. ఇందులో తప్పు, ఒప్పు లేవు.’

‘రెండూ కచ్చితంగా వస్తాయి’ అన్న మాట వదిలేయకండి. అది లేకపోతే చాలామంది ‘రేపు మీరు ఉంటారో ఊడతారో’ అన్న అనుమానంతో జవాబిస్తారు. అప్పుడు వచ్చే కెలో తొందర కొంత, అపనమ్మకం కొంత కలిసిపోతాయి. తర్వాత వాటిని విడదీయడం సాధ్యం కాదు.

ఉత్తుత్తి డబ్బుతో అడగవచ్చా అనే సందేహం అందరికీ వస్తుంది. అడగవచ్చు. నిజం డబ్బుతో, ఉత్తుత్తి డబ్బుతో చేసి పోల్చిన అధ్యయనాల్లో ఫలితాలు దగ్గరదగ్గరగానే వచ్చాయి.

గడువును ‘90 రోజుల తర్వాత’ అనే చెప్పండి. ‘ఏప్రిల్ 14న’ అని తేదీ చెబితే తరుగు తగ్గిపోతుంది. కొందరికి అలా, కొందరికి ఇలా చెప్పకండి. పండగ ముందు, జూన్‌లో స్కూలు ఫీజులప్పుడు, జీతం వచ్చే ముందు రోజున అడిగితే జవాబులు ‘ఇప్పుడే’ వైపు ఒరిగే ప్రమాదం ఉంది. వీలైతే అందరినీ నెలలో ఒకే వారంలో అడగండి, వీలు కాకపోతే తేదీ రాసి ఉంచండి.

2. అర్థమైందో లేదో రెండు ప్రశ్నలతో చూడండి

‘ఈ రోజు ₹3,200 కావాలా, ఈ రోజే ₹6,400 కావాలా?’ ‘ఇప్పుడు ₹6,400 కావాలా, 30 రోజుల తర్వాత ₹3,200 కావాలా?’ ఈ రెండింటిలో ఒకటి తప్పినా మళ్లీ వివరించండి. రెండోసారీ తప్పితే ఆ రోజుకు ఆపేయండి. మత్తులో ఉండవచ్చు, నిద్ర లేకపోయి ఉండవచ్చు.

3. ఒక్కో గడువుకు ఆరు ప్రశ్నలు అడగండి

మొదటి ప్రశ్నలో ‘ఇప్పుడు’ మొత్తం ₹3,200. ‘ఇప్పుడు’ అంటే ఆ మొత్తాన్ని తగ్గించండి, ‘తర్వాత’ అంటే పెంచండి. మార్పు వరసగా 1,600, 800, 400, 200, 100. ఆరో జవాబు తర్వాత ₹50 మాత్రమే కలపండి లేదా తీసేయండి. అదే ఆ గడువుకు ‘సరితూగే మొత్తం’. 30 రోజుల గడువుకు ఒక ఉదాహరణ:

- ఇప్పుడు ₹3,200 లేక 30 రోజులకు ₹6,400? తర్వాత
- ₹4,800? ఇప్పుడు
- ₹4,000? తర్వాత
- ₹4,400? ఇప్పుడు
- ₹4,200? ఇప్పుడు
- ₹4,100? తర్వాత

చివరి జవాబు ‘తర్వాత’ కనక 4,100 + 50 = ₹4,150.

అందరూ ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. జవాబు ‘ఇప్పుడు’ వచ్చినప్పుడు మొత్తాన్ని తగ్గించాల్సింది పోయి పెంచేస్తారు. అలా చేస్తే సరితూగే మొత్తం ఏదో ఒక కొసకు ఎగిరిపోతుంది. చేత్తో కాగితం మీద చేసేవాళ్లు ఏ జవాబు తర్వాత ఏ మొత్తం అడగాలో చూపే చెట్టు ముందుగానే గీసుకుని పెట్టుకోండి, అడిగేటప్పుడు కూడికలు వద్దు. ‘ఇప్పుడు’ మాటను ఎప్పుడూ ముందే చెప్పకుండా, కొన్నిసార్లు ‘తర్వాత’ మొత్తాన్ని ముందు చెప్పండి. లేకపోతే కొందరు వినకుండానే మొదట విన్నదాన్ని ఎంచుకుంటారు.

గడువుల వరస చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్లినా, కలగాపులగంగా వెళ్లినా ఫరవాలేదు. అందరికీ ఒకే పద్ధతి ఉండాలి.

4. కె కట్టేముందు ఆరు అంకెల్నీ కంటితో చూడండి

ఈ మెట్టు దాటవేసి నేరుగా కెకు వెళ్లేవాళ్లే ఎక్కువ. ఏ చెత్త అంకెలిచ్చినా స్ప్రెడ్‌షీట్ ఒక కె ఇచ్చేస్తుంది. తప్పు జరిగిందని అది చెప్పదు.

మన ఉదాహరణ వ్యక్తి అంకెలివి అనుకుందాం: 7 రోజులకు 5,550, 30కి 4,150, 90కి 2,450, 180కి 1,250, 365కి 850, 730కి 550.

జాన్సన్, బికెల్ 2008లో ఇచ్చిన రెండు పరీక్షలు పెట్టండి.

మొదటిది: ఏ అంకె అయినా దాని ముందున్న అంకె కంటే, ₹6,400లో 20 శాతానికి మించి, అంటే ₹1,280 దాటి, పెరిగిందా? ఉదాహరణకు 5,450 తర్వాత 1,850, ఆ తర్వాత 4,350 వస్తే ₹2,500 పెరిగినట్టు. ఆ వ్యక్తి మధ్యలో ధ్యాస తప్పాడు, లేదా మీరే తప్పు వైపు అంకె మార్చారు.

రెండోది: చివరి అంకె మొదటి అంకె కంటే కనీసం 10 శాతం, అంటే ₹640, తక్కువగా ఉందా? లేకపోతే గడువు పెరిగినా జవాబు మారలేదన్నమాట.

మన వ్యక్తి రెండూ దాటాడు. ఎక్కడా పెరుగుదల లేదు, మొదటికీ చివరికీ తేడా ₹5,000.

పరీక్ష తప్పినవాళ్లను వెంటనే తీసేయకండి. రెండో పరీక్ష తప్పినవాళ్లలో నిజంగానే ఓపిగ్గా ఉండేవాళ్లు ఉంటారు. గుర్తు పెట్టి ఉంచి, వాళ్లతో కలిపి ఒకసారి, వాళ్లు లేకుండా ఒకసారి విశ్లేషణ చేసి రెండూ రాయండి. వ్యసనంలో లోతుగా ఉన్నవాళ్లే ఎక్కువగా తప్పుతున్నారంటే, వాళ్లను తొలగించడం ద్వారా మీరు చూడాలనుకున్న తేడానే చెరిపేస్తున్నారు.

5. స్ప్రెడ్‌షీట్‌లో కె కట్టండి

మొదటి నిలువు వరసలో రోజులు, రెండో దానిలో సరితూగే మొత్తాలు రాయండి. పక్కన ఒక గడిని కెకు కేటాయించి 0.01 వేయండి. మూడో వరసలో సూత్రం: 6,400 ÷ (1 + కె × రోజులు). నాలుగో వరసలో రెండో, మూడో వరసల తేడా వర్గం. కింద వాటి మొత్తం. ఆ మొత్తాన్ని వీలైనంత తక్కువకు తెచ్చే కెయే మీకు కావాల్సింది.

సూత్రాన్ని కిందికి లాగేటప్పుడు కె గడి కూడా జరిగిపోకుండా డాలర్ గుర్తులతో బిగించండి. మొత్తాల్లో రూపాయి గుర్తు చేత్తో టైప్ చేయకండి, గడి అంకెగా కాక అక్షరాలుగా మారిపోవచ్చు.

ముందు 0.001, 0.01, 0.1 వేసి ఏది తక్కువ ఇస్తుందో చూడండి. తర్వాత దాని చుట్టూ వెతకండి. మన ఉదాహరణకు:

- కె 0.018 అయితే వర్గాల మొత్తం సుమారు 94,800
- కె 0.019 అయితే సుమారు 78,350
- కె 0.020 అయితే సుమారు 99,300

ఇంకాస్త వెతికితే 0.0189 దగ్గర ఆగుతుంది. పదిమందికి మించి ఉంటే ఎక్సెల్ లేదా లిబ్రేఆఫీస్‌లోని సాల్వర్ (తగిన అంకెను తానే వెతికే సాధనం) వాడండి. గూగుల్ షీట్స్‌లో అది సొంతంగా లేదు, యాడ్-ఆన్ పెట్టుకోవాలి. సాల్వర్‌ను నేరుగా కె మీద నడిపితే ఇంత చిన్న అంకె దగ్గర తడబడుతుంది. కె సహజ లాగరిథమ్‌ను ఒక గడిలో పెట్టి (మొదలు −4.6 వేయండి, అది 0.01కి సమానం) దాన్ని మార్చమనండి. కె గడిలో దాని ఎక్స్‌పొనెన్షియల్ ఉంచండి. కె రుణసంఖ్య అయ్యే బాధ కూడా తప్పుతుంది.

6. ఫలితం సరైనదేనా?

మీ షీటును ముందు కల్పిత వ్యక్తితో పరీక్షించండి. కె 0.01 ఉన్న మనిషి ఆరు ప్రశ్నల పద్ధతిలో ఇవ్వాల్సిన అంకెలు ఇవి: 5,950, 4,950, 3,350, 2,250, 1,350, 750. వీటిని వేస్తే 0.0101 రావాలి. 0.3 లాంటిది వస్తే రోజుల బదులు నెలలు వేసినట్టే. 30తో భాగించి చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు మన వ్యక్తి. 1ని కెతో భాగిస్తే విలువ సగానికి పడిపోయే గడువు వస్తుంది: 1 ÷ 0.0189 = 53 రోజులు. అంకెల్లో 30 రోజులకు 4,150, 90 రోజులకు 2,450 ఉన్నాయి. సగం అంటే 3,200, అది ఈ రెండింటి మధ్య పడాలి, పడింది. ఈ చిన్న తనిఖీ ప్రతి మనిషికీ చేయండి.

సూత్రంతో పనిలేని ఇంకో కొలత, గీత కింది వైశాల్యం. రోజులను 730తో, మొత్తాలను 6,400తో భాగించండి. సున్నా రోజుకు 1 పెట్టండి. పక్కపక్క బిందువుల మధ్య సమలంబాల వైశాల్యాలు కలపండి. మన వ్యక్తికి 0.21 వస్తుంది. 1కి దగ్గరైతే ఓపిక, 0కి దగ్గరైతే తొందర. కె ఒక మాట, వైశాల్యం ఇంకో మాట చెబితే ఆ మనిషి ఆరు బిందువుల గ్రాఫు మళ్లీ గీసి చూడండి.

ఆర్-స్క్వేర్ (సూత్రం గీత అంకెలకు ఎంత బాగా అతికిందో చెప్పే కొలత) ఎక్కువ ఉంటే మంచిదని నమ్మకండి. ఓపిగ్గా ఉండేవారి గీత దాదాపు అడ్డంగా ఉంటుంది కనక తప్పు కొంచెమే ఉన్నా ఆర్-స్క్వేర్ పడిపోతుంది. దాన్ని బట్టి మనుషుల్ని తీసేస్తే ఓపికవంతులే పోతారు. దాని బదులు వర్గాల మొత్తాన్ని 5తో (ఆరు బిందువుల్లోంచి కె కోసం ఒకటి తీసేసి) భాగించి, వర్గమూలం తీసి, ఆ సగటు తప్పును రూపాయల్లో రాయండి. మన ఉదాహరణలో అది సుమారు ₹125.

అన్నిటికీ ‘ఇప్పుడే’ అన్నవారికి ఆరు అంకెలూ 50 వస్తాయి. దానికి కట్టే కె పది దాటిపోతుంది, అది కొలత కాదు. మీ గడువులు ఆ మనిషి తొందరను అందుకోలేదని అర్థం. 1 గంట, 4 గంటలు, 1 రోజు గడువులు కలిపి మళ్లీ అడగండి. అన్నిటికీ ‘తర్వాతే’ అన్నవారికి కూడా ఇదే సమస్య అటు కొసన వస్తుంది. ఇద్దరినీ ‘హద్దు దాటినవారు’ అని విడిగా రాయండి.

7. గుంపుల్ని పోల్చేటప్పుడు

కెల నేరు సగటు తీయకండి. 0.001, 0.01, 0.1 ఉన్న ముగ్గురి సగటు 0.037 వస్తుంది, ఒక్క మనిషే మొత్తాన్ని లాగేశాడు. లాగరిథమ్‌లు తీసి సగటు కట్టి వెనక్కి మారిస్తే 0.01 వస్తుంది, అది ముగ్గురికీ న్యాయమైన మధ్య విలువ. టి-పరీక్ష, రిగ్రెషన్ లాంటి ఏ గణాంక పరీక్ష చేసినా లాగరిథమ్ మీదే. మన వ్యక్తికి సహజ లాగరిథమ్ −3.97.

సిగరెట్, బీడీ తాగేవారైతే చివరిసారి ఎప్పుడు తాగారో గంటల్లో రాయండి. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగమవుతుంది. కాబట్టి ఇప్పుడే తాగి వచ్చినవాడినీ పొద్దుట్నుంచి ముట్టనివాడినీ ఒకే గంపలో వేస్తే కొలత పాడవుతుంది. ప్రశ్నలకు ముందు, తర్వాత ‘ఇప్పుడు ఎంత తాగాలనిపిస్తోంది’ అని 0 నుంచి 100 గీత మీద గుర్తు పెట్టించండి.

8. డబ్బు బదులు ఆ పదార్థంతోనే అడగాలంటే

ఆలస్యమైతే వ్యసనపరుల మనసులో డబ్బు విలువ కంటే వారి పదార్థం విలువ ఇంకా ఎక్కువగా తరిగిపోతుంది. నిగ్రహం గురించి చెప్పాలంటే ఈ రెండో కొలత విలువైనది. సిగరెట్లకు 64 పెట్టుకోండి: 32తో మొదలు, మార్పు 16, 8, 4, 2, 1, చివర అర. మద్యానికి పెగ్గులతో అడగకండి, ఒకరి పెగ్గు 30 మి.లీ., ఇంకొకరిది 60. క్వార్టర్ అందరికీ 180 మి.లీ.యే. 16 క్వార్టర్లతో నాలుగు ప్రశ్నలు చాలు. గడువులు 1 గంట, 4 గంటలు, 1, 7, 30, 180 రోజులు ఉంచండి. గంటల్ని రోజుల్లోకి మార్చడం మరవద్దు: 1 గంట 0.042, 4 గంటలు 0.167.

హెచ్చరిక: ఈ ప్రశ్నలే తాగాలన్న కోరికను రేపగలవు. చికిత్సలో ఉన్నవారిని చికిత్స చేస్తున్న డాక్టరు ఒప్పుకోకుండా అడగకండి. అడిగాక కోరిక గుర్తు పెరిగితే అది దిగేదాకా ఒంటరిగా పంపకండి. మద్యం ఆపి ఒకట్రెండు రోజులే అయి, చేతులు వణుకుతున్నవారిని అసలే కూర్చోబెట్టవద్దు. ఫిట్స్, మతిభ్రమణం దాకా వెళ్లే స్థితి అది, వారికి కావాల్సింది ఆసుపత్రి. జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 మీ పత్రం మీద అచ్చువేసి ఇవ్వండి.

9. కెతో ‘మనసు మారే రోజు’ లెక్కించండి

ఈ పద్ధతిలో నిజంగా పనికొచ్చే భాగం ఇదని నా అభిప్రాయం. ఒక రోజున ₹3,000 విలువైన సుఖం దొరుకుతుంది. దాన్ని వదిలేస్తే ఆ తర్వాత 90 రోజులకు ₹6,400 విలువైన లాభం ఉంది. కె 0.019 అనుకుందాం.

ఆ రోజు వచ్చేసరికి: చిన్నది 3,000. పెద్దది 6,400 ÷ 2.71 = 2,362. చిన్నదే గెలుస్తుంది.

దానికి 60 రోజుల ముందు: చిన్నది 3,000 ÷ 2.14 = 1,402. పెద్దది 6,400 ÷ 3.85 = 1,662. పెద్దదే గెలుస్తుంది.

రోజుల గడిలో 60 బదులు 50, 40, 30, 20 వేసుకుంటూ రండి. సుమారు 27 రోజుల దగ్గర రెండూ సమానమవుతాయి. అంతకు ముందు చేసిన తీర్మానం అబద్ధం కాదు, అప్పుడు ఆ మనిషి లెక్కలో మానేయడమే మేలు. దగ్గరికొచ్చాక లెక్క తిరగబడింది. చక్రవడ్డీ సూత్రంతో, ఒకే రేటుతో ఇది చేసి చూడండి, ఎన్ని రోజుల ముందు చూసినా గెలిచేది మారదు. బారువడ్డీ సూత్రాన్ని ఎంచుకోవడానికి పెద్ద కారణం ఇదే.

కౌన్సెలర్‌కు దీని ఉపయోగం సూటిగా ఉంది. కట్టుబాటు ఏదైనా (జీతం ఇంటివాళ్ల ఖాతాకు మళ్లించడం, ఆ స్నేహితుల పెళ్లి ప్రయాణం రద్దు చేయడం) మనసు మారే రోజుకు ముందే చేయించాలి. ఆ తర్వాత అడిగితే ఒప్పుకోడు. ఈ 27ను కచ్చితమైన తేదీగా మాత్రం తీసుకోకండి. కెను 0.015కు, 0.023కు మార్చి ఎంత కదులుతుందో చూసి, ఆ వ్యవధిని చెప్పండి.

ఒక మనిషికి ఒక్కసారి కట్టిన కెను కేసు ఫైలులో రోగనిర్ధారణలా రాయవద్దు. అప్పుల ఒత్తిడి, ఆకలి, నిద్రలేమి కూడా దాన్ని పెంచగలవు. వారం తేడాతో రెండుసార్లు కొలిచి, లాగరిథమ్‌లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశాకే దాని గురించి మాట్లాడండి.

సమయం లేకపోతే

కోఫార్నస్, బికెల్ 2014లో ఐదు ప్రశ్నల పద్ధతి ఇచ్చారు. నిమిషంలోపే అయిపోతుంది. అందులో ఇప్పటి మొత్తం ఎప్పుడూ సగమే, మారేది గడువు: మొదట మూడు వారాలు, ‘ఇప్పుడు’ అంటే గడువు తగ్గుతుంది, ‘తర్వాత’ అంటే పెరుగుతుంది. చివరికి తేలిన గడువును రోజుల్లో రాసి 1ని దానితో భాగిస్తే కె. ఓపీలో క్యూ ఉన్నప్పుడు ఇదే వాడండి. కిర్బీ 27 ప్రశ్నల పత్రం కాగితం మీద చదవగలిగినవారికి బాగుంటుంది, గుంపుగా కూర్చోబెట్టి రాయించవచ్చు. ఈ రెండింటిలోనూ జవాబులు గందరగోళంగా ఉన్నాయో లేదో 36 ప్రశ్నల పద్ధతిలో తెలిసినంత స్పష్టంగా తెలియదు. చికిత్సకు ముందు ఏ పద్ధతితో కొలిచారో తర్వాత కూడా దానితోనే కొలవండి. ఒక పద్ధతిలో వచ్చిన కెను ఇంకో పద్ధతిలో వచ్చిన కెతో తీసివేసి ‘మెరుగుదల’ అని రాయకూడదు.